ఆరుసార్లు గెలిచినవాడు

పెగడపల్లి బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకడు డిగ్రీ చదివిన కుర్రవాడు, రెండో ఆయన వయసు మళ్ళిన రైతు.

"ఉత్తగనే ఆరుసార్లు గెలుస్తడా మామా? మనిషిల ఏదో ఉంటెనే గద!" అన్నాడు కుర్రవాడు.

"ఆరుసార్లు గెలిపిచ్చింది మనమే, అయిదుసార్లు ఓడగొట్టింది గూడ మనమే. గా అయిదు ఎవలి ఖాతాల రాస్తవు అల్లుడా?" అన్నాడు పెద్దాయన.

వాళ్ళు మాట్లాడుకుంటున్నది తాటిపర్తి జీవన్ రెడ్డి గారిని గురించి. ఆయన స్వగ్రామం ఈ మండలంలోని బతికేపల్లి. జగిత్యాల నుంచి ఆయన 1983, 1989, 1996, 1999, 2004, 2014లలో శాసనసభకు ఎన్నికయ్యారు. అందులో 1996 నాటిది ఉప ఎన్నిక. అదే జగిత్యాలలో 1985, 1994, 2009, 2018, 2023లలో ఓడిపోయారు. ఇవి కాక 2006లోనూ 2008లోనూ కరీంనగర్ పార్లమెంటు స్థానానికి, 2024లో నిజామాబాదు స్థానానికి పోటీచేసి ఓడిపోయారు. 2019లో పట్టభద్రుల నియోజకవర్గం నుంచి శాసనమండలికి గెలిచారు. ఈ లెక్కలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ లెక్కకు అర్థం ఏమిటన్న దగ్గరే వస్తున్నది.

పైకి ఇది బస్టాండు కబురు లాగే కనిపిస్తుంది. కాని ఆ ఇద్దరి మాటల మధ్య ఒక నీతి ప్రశ్న ఉంది. ఎన్నికల్లో వచ్చిన గెలుపు ఎవరి సొత్తు? గెలిచిన మనిషిదా, అతను పట్టుకున్న జెండాదా, ఓటు వేసినవాళ్ళదా? ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోకుండా మనం ఒక ప్రతినిధిని మెచ్చుకోలేము, నిందించలేము. మెచ్చుకున్నా అది మొహమాటం అవుతుంది, నిందించినా అది కక్ష అవుతుంది.

జీవన్ రెడ్డి గారి పక్కన మరొక పేరు పెట్టి చూస్తే ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. ఆ పేరు చెన్నమనేని రాజేశ్వర రావు గారిది. ఆయన తెలంగాణ సాయుధ పోరాటం నాటి తరం కమ్యూనిస్టు. 1957లో పి.డి.యఫ్. అభ్యర్థిగా చొప్పదండి నుంచి గెలిచారు. తరవాత సిరిసిల్ల నుంచి కమ్యూనిస్టు పార్టీ తరఫున 1967, 1978, 1985, 1994లలో గెలిచారు. 1999లో ఆ పార్టీని విడిచి తెలుగుదేశంలో చేరారు. 2004లో తెలుగుదేశం అభ్యర్థిగా మళ్ళీ సిరిసిల్ల నుంచే గెలిచారు. 2016 మే నెలలో కన్నుమూశారు. ఆయనవి కూడా ఆరు గెలుపులే.

ఇద్దరికీ లెక్క ఒకటే అయింది. కాని ఆ ఆరుకూ ఈ ఆరుకూ అర్థం ఒకటేనని ఎవరూ అనరు. అంటే సంఖ్య మనకు చెప్పగలిగింది చాలా తక్కువ అన్నమాట.

ఎన్నిసార్లు గెలిచాడన్న దాన్ని బట్టి మనిషి విలువ కట్టటం మన ఒక్కరి అలవాటే కాదు. అమెరికాలో ఈ లెక్కను ఇంకా శ్రద్ధగా రాసిపెడతారు. జాన్ డింగెల్ అనే ఆయన మిచిగన్ రాష్ట్రం నుంచి ప్రతినిధుల సభలో 1955 డిసెంబరు మొదలు 2015 జనవరి దాకా, అంటే 59 ఏళ్ళు కూర్చున్నారు. ఆయనకు ముందు 1933 నుంచి ఆయన తండ్రి ఆ సభలో ఉన్నారు. ఆయన దిగిపోయిన చోటికి ఆయన భార్య ఎన్నికయ్యారు. ఎనభై ఏళ్ళకు పైగా ఒక ఇంటి పేరే నడిచింది. దీన్ని జనం నమ్మకం అనాలా, వంశపారంపర్యం అనాలా? సంఖ్య ఒక్కదాన్నే చూస్తే రెండూ ఒకే మాదిరిగా కనిపిస్తాయి.

గెలుపు సంఖ్యలో మనిషి గొప్పతనం కన్న కాలం వాటా ఎక్కువ. సిరిసిల్లనే తీసుకోండి. 2009లో అక్కడ కె. తారక రామారావు గారు 171 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ తరవాత 2010 ఉప ఎన్నికలోను, 2014, 2018, 2023లలోను వరుసగా గెలుస్తూ వచ్చారు. ఆ 171 మందిలో సగం మంది ఆ రోజు మరో గుర్తు మీద వేసివుంటే ఆ వరుసకు మొదలే ఉండేది కాదు. పెగడపల్లి ఇప్పుడు ధర్మపురి నియోజకవర్గంలో ఉంది. 2018లో ధర్మపురి ఫలితం 441 ఓట్ల తేడాతో తేలింది. అంటే ఒక చిన్న వాడ జనం ఎటు మొగ్గితే చరిత్ర అటు తిరిగింది. పునర్విభజన, పొత్తు, ఉద్యమం, గాలి, డబ్బు ఇవన్నీ కలిసి గెలుపు తయారవుతుంది. అటువంటిదాన్ని ఒక మనిషి గుణంగా చెప్పుకోవటం, వాన పడినందుకు పొలం ఆసామిని పొగిడినట్టు ఉంటుంది.

అయితే గెలుపు లెక్క నుంచి నేర్చుకోవలసింది ఏమీ లేదా? ఉంది. కాని అది ప్రతినిధిని గురించి కాదు, ప్రజలను గురించి.

రాజేశ్వర రావు గారి ఆరు గెలుపుల సంవత్సరాలను ఇంకొకసారి చూడండి. 1957, 1967, 1978, 1985, 1994, 2004. ఆయన ఒక్కసారి కూడా వరుసగా రెండు సభల్లో కూర్చోలేదు. 47 ఏళ్ళ కాలంలో ప్రజలు ఆయనను పంపించారు, వెనక్కు పిలిచారు, మళ్ళీ పంపించారు. జీవన్ రెడ్డి గారి విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. 1983లో ఆయన తెలుగుదేశం తరఫున గెలిచారు. తరవాత కాంగ్రెసులోకి వచ్చి 1985లో ఓడిపోయారు. 1989లో అదే కాంగ్రెసు తరఫున గెలిచారు. 1996 నుంచి 2009 దాకా మూడు గెలుపులు వరుసగా వచ్చాయన్నది నిజమే. కాని మొత్తం మీద జగిత్యాల ఆయనను ఎంత ఆదరించిందో అంతగానూ నిలదీసింది.

దీన్ని చూస్తే ఒక సంగతి తెలుస్తున్నది. మన ప్రజలు ఓటును బహుమానంగా ఇవ్వటం లేదు, బదులుగా ఇస్తున్నారు. బదులిచ్చినవాడు వాయిదా నాటికి వాకిట్లోకి వచ్చి నిలబడతాడు. బస్టాండులో ఆ పెద్దాయన అన్నది సరిగా ఇదే. గెలుపును గెలిచినవాడి ఖాతాలో జమ కింద రాయకూడదు, బాకీ కింద రాయాలి. ఆరుసార్లు గెలిచినవాడు ఆరుసార్లు బాకీపడ్డవాడు.

సరే, బాకీ అంటే ఎవరికి బాకీ? ఇక్కడ మూడు వాదాలున్నాయి. మూడింటినీ విడివిడిగా పరీక్షించాలి.

మొదటిది మనస్సాక్షి వాదం. 1774లో ఎడ్మండ్ బర్క్ బ్రిస్టల్ ఓటర్లతో చెప్పినది దీని సారమే. ప్రతినిధి ఓటర్ల ఆజ్ఞలు మోసే బంట్రోతు కాడు, తన వివేకాన్ని ఓటర్ల అభిప్రాయానికి బలిపెడితే అది వాళ్ళకు ద్రోహమే అవుతుందని ఆయన వాదించాడు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. ఓటర్లందరూ ఒక కులం వాళ్ళ మీదనో మతం వాళ్ళ మీదనో పగబట్టినప్పుడు, వాళ్ళ మాట కాదని నిలబడే ప్రతినిధి కావాలి. కాని ఇందులో ఒక లోపం ఉంది. మనస్సాక్షి కనిపించదు, లాభం కూడా చాలాసార్లు కనిపించదు. మనస్సాక్షి పేరు చెప్పి లాభం వైపు నడిచేవాణ్ణి పట్టుకోవటానికి ఈ వాదం దగ్గర ఏ సాధనమూ లేదు. ఒక్క సంగతి మాత్రం బర్క్ పక్షాన చెప్పాలి. బ్రిస్టల్ ప్రజలకు తనంటే గిట్టటం లేదని తెలిసిన తరవాత, 1780లో, ఆయన అక్కడి పోటీ నుంచి తప్పుకున్నాడు. తన మాటకు వెల తానే చెల్లించాడు.

రెండోది పార్టీ వాదం. ఓటు గుర్తుకు పడుతుంది, గుర్తు పార్టీది, కాబట్టి గెలుపూ పార్టీదే అంటుంది ఇది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలుకు పునాది ఈ వాదమే. కాని ఆ చట్టం ఎట్లా పనిచేసిందో తెలంగాణలో మనం కళ్ళారా చూశాము. ఒకడు మారితే తప్పన్నారు, మూడోవంతు మంది కలిసి చీలితే తప్పు కాదన్నారు. 2003లో ఆ చీలిక వెసులుబాటు తీసేశారు. మూడింట రెండువంతుల మంది విలీనమైతే మాత్రం ఇప్పటికీ తప్పు కాదు. 2018లో కాంగ్రెసుకు 19 స్థానాలు వస్తే, 2019 జూన్ నాటికి వారిలో 12 మంది అప్పటి అధికార పార్టీలో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తరవాత చక్రం అటు తిరిగింది. ఓడిన పార్టీ సభ్యులు పదిమంది గెలిచిన పార్టీలోకి వెళ్ళారని, వాళ్ళను అనర్హులుగా ప్రకటించాలని ఫిర్యాదులు వచ్చాయి. సభాపతి ఆ ఫిర్యాదులను మూడు నెలల్లోగా తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జులై 31న ఆదేశించవలసివచ్చింది. నిన్న చేసినవాడు ఇవాళ నీతి చెపుతాడు, నిన్న నీతి చెప్పినవాడు ఇవాళ చేస్తాడు. దొంగతనం ఒంటరిగా చేస్తే నేరమూ గుంపుగా చేస్తే వ్యవహారమూ అయిన చోట నీతికి చట్టం కాపలా కాయలేదు.

ఆ పదిమందిలో జగిత్యాల శాసనసభ్యులు కూడా ఉన్నారు. 2018లోనూ 2023లోనూ జీవన్ రెడ్డి గారిని ఓడించిన డాక్టర్ సంజయ్ కుమార్ గారు 2024 జూన్‌లో ముఖ్యమంత్రి సమక్షంలో కాంగ్రెసు వైపు వచ్చారు. ఇది జీవన్ రెడ్డి గారికి ఎంత కష్టం కలిగించిందో ఆయనే బహిరంగంగా చెప్పారు. మనం ఆయన కష్టం దగ్గర ఆగిపోతే లాభం లేదు. 2023 నవంబరు 30న జగిత్యాలలో కాంగ్రెసు వద్దని ఓటు వేసిన బీడీ కార్మికురాలిని ఊహించండి. ఆమె పక్కనే వరుసలో నిలబడి, ఆ పాత ప్రభుత్వం వద్దని కాంగ్రెసుకు ఓటు వేసిన రైతును ఊహించండి. ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. ఇద్దరికీ వేలి మీద సిరా పడింది. ఏడు నెలలు తిరిగేసరికి ఇద్దరి ఓట్లూ ఒక్క గుమ్మంలోకే చేరాయి. ఆ ఇద్దరికీ మధ్య ఉన్న భేదాభిప్రాయాన్ని ఎవరూ వాదించి తీర్చలేదు, తుడిచేశారు. ఫిరాయింపులో అసలు నేరం ఇది. ఒక పార్టీకి నష్టం కలగటం చిన్న సంగతి. సామాన్యుడు తన తీర్పుకు అర్థం ఉందని నమ్మిన నమ్మకం పోవటం పెద్ద సంగతి.

ఇక్కడే న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. 1983కూ 1985కూ మధ్య జీవన్ రెడ్డి గారు కూడా పార్టీ మారినవారే. అప్పుడు ఎన్నిక త్వరగా వచ్చింది, ప్రజలకు జవాబు చెప్పే అవకాశం వచ్చింది, వాళ్ళు చెప్పారు. ఆయన ఆ తరవాత మూడు దశాబ్దాలకు పైగా ఒకే పార్టీలో ఉండి గెలుపోటములు చవిచూశారు. అంటే పార్టీ మారటం ఒక్కటే మనిషిని జీవితాంతం దోషిగా నిలబెట్టదు. మారినవాడు ప్రజల ముందుకు వచ్చాడా లేదా, వాళ్ళ తీర్పుకు తల ఒగ్గాడా లేదా అన్నది ముఖ్యం.

ఇక మూడో వాదం. ఓటు వేసినవాళ్ళకే బాకీ అనేది. 1871లో పారిస్ కమ్యూన్ దీన్ని ఆచరణలో పెట్టింది. సభ్యుల్ని సార్వజనిక ఓటుతో ఎన్నుకున్నారు, వాళ్ళను ఎప్పుడైనా వెనక్కు పిలిచే హక్కు ఓటర్లు అట్టేపెట్టుకున్నారు, ప్రజాసేవ చేసినవాడికి కార్మికుడి జీతమే అన్నారు. మార్క్స్ కమ్యూన్‌లో ఎంచి మెచ్చుకున్నవాటిలో ఇది ఒకటి. మన దేశంలో 1974లో కమ్యూనిస్టు సభ్యుడు సి.కె. చంద్రప్పన్ ప్రతినిధిని వెనక్కు పిలిచే హక్కు కోసం లోక్‌సభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. కొన్ని రాష్ట్రాల స్థానిక సంస్థల చట్టాలలో మాత్రం అటువంటి హక్కు కొంత ఉంది.

మనకు ఈ మూడో వాదం నచ్చుతుంది. నచ్చటం వల్లనే దీన్ని ఎక్కువగా పరీక్షించాలి. డబ్బున్నవాడు ఓటు కొనగలిగిన చోట, వెనక్కు పిలిచే సంతకం కూడా కొనగలడు. దళితుడైన సర్పంచి భూమి సంగతి ఎత్తితే, ఊరి పెద్దలు మొదట ప్రయోగించేది ఆ హక్కునే. కాబట్టి హక్కు ఒక్కటే చాలదు. దాన్ని వాడుకోగల సంఘటిత ప్రజలుండాలి. సంఘాలు లేని చోట రీకాలు కూడా దొరల చేతి కర్రే అవుతుంది.

ఇప్పుడు రాజేశ్వర రావు గారి విషయానికి వద్దాము. మన పాఠకులకు నొప్పి కలిగించేది ఇదే.

ఆయన 1999లో ఎర్రజెండా విడిచారు. అప్పటికి వయసు 76. అర్ధశతాబ్దం ఒక పార్టీతో నడిచిన మనిషి. చేరింది తెలుగుదేశంలో. ఆ పార్టీకి అప్పుడు భారతీయ జనతా పార్టీతో పొత్తు. 2004లో ఆయన గెలిచినప్పుడు కూడా ఆ పొత్తు ఉంది. ఆయన పాత పార్టీ ఎదుటి కూటమిలో కాంగ్రెసు పక్కన ఉంది. వామపక్షంలో చాలామంది ద్రోహం అన్న ఒక్క మాటతో ఆ పుస్తకం మూసేస్తారు. మరికొందరు 2004లో ప్రజలే గెలిపించారు కదా, ఇక మనమెవరము అడగటానికి అంటారు.

రెండూ సరికాదు. రెండో మాటను ముందు చూద్దాం. ప్రజల ఓటు ఒక మనిషిని సభకు పంపగలదు, అతని నడతను కడిగెయ్యలేదు. ఓటుకు ఎన్నిక చేసే శక్తి ఉంది, పాపవిమోచనం చేసే శక్తి లేదు. లేకపోతే ఎక్కువ ఓట్లు వచ్చినవాడే ఎక్కువ నీతిమంతుడు కావాలి. 1952లో నల్లగొండలో రావి నారాయణ రెడ్డి గారికి నెహ్రూ గారికన్న ఎక్కువ ఓట్లు వచ్చాయని మనం గర్వంగా చెప్పుకుంటాము. ఆ ఓట్ల వెనక ఉన్న పోరాటానికి గర్వపడాలి గాని, ఓట్ల సంఖ్యే గర్వకారణమైతే, మరుసటి ఎన్నికల్లో మనకు ఓట్లు తగ్గినప్పుడల్లా మన నీతి కూడా తగ్గినట్టు ఒప్పుకోవాలి.

మొదటి మాట ఇంకా జాగ్రత్తగా చూడాలి. మనిషి అభిప్రాయం మార్చుకోవటం పాపం కాదు. అమెరికన్ సెనేటులో 1959 నుంచి 2010లో చనిపోయేదాకా ఉన్న రాబర్ట్ బర్డ్ యువకుడుగా క్లాన్ అనే జాత్యహంకార ముఠాలో పనిచేశాడు. 1964లో నల్లవారికి సమాన హక్కులిచ్చే బిల్లును అడ్డుకోవటానికి సభలో 14 గంటలకు పైగా మాట్లాడాడు. తరవాత అది తప్పని ఒప్పుకున్నాడు. 2002లో ఇరాక్ యుద్ధానికి అధ్యక్షుడికి అధికారమిచ్చే తీర్మానాన్ని వ్యతిరేకించినవారిలో ఆయన ఒకడు. ఆయనను పార్టీ మార్చుకోలేదు కాబట్టి నిలకడ గల మనిషి అందామా? పార్టీ మారకపోవటం ఆయన మొదటి తప్పును తగ్గించలేదు, అభిప్రాయం మారటం ఆయనను చిన్నవాణ్ణి చెయ్యలేదు. ఏ దిక్కుకు మారాడు, ఎవరి ముందు ఒప్పుకున్నాడు అన్నవే లెక్కకు వస్తాయి.

కాబట్టి రాజేశ్వర రావు గారిని మనం అడగవలసిన ప్రశ్న ఎందుకు మారావని కాదు. ఆయన జెండా మోసిన సిరిసిల్ల నేత కార్మికుడి కోరిక ఆ మార్పుతో ముందుకు నడిచిందా, వెనకబడిందా అన్నది అడగాలి. ఈ ప్రశ్న ఒక్కరితో ఆగదు. 1994లో ఆయన ఎర్రజెండా కింద గెలిచినప్పుడు ఆ పార్టీకి తెలుగుదేశంతో పొత్తు. 2004లో అదే పార్టీకి కాంగ్రెసుతో పొత్తు. పార్టీ పొత్తు మార్చుకుంటే ఎత్తుగడ, మనిషి మారితే ద్రోహం అనే తర్కం, పైన చెప్పిన విలీనం చట్టం తర్కానికి చాలా దగ్గర చుట్టం. ఎత్తుగడలు ఉండకూడదని నేననను. కాని ఎత్తుగడకూ లెక్క చెప్పాలి. కరపత్రం పంచినవాడికి, చందా ఇచ్చిన బీడీ కార్మికురాలికి ఎందుకిట్లా చేస్తున్నామో ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆ పని మన వైపు నుంచి ఎంతవరకు జరిగిందని ఎవరికి వారు ప్రశ్నించుకోకుండా ఒక వృద్ధుడి మీద రాయి వేస్తే అది సులువైన నీతి అవుతుంది.

చట్టసభ ఎంతవరకు పనికివస్తుందన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. 1978లో సిరిసిల్ల ప్రజలు కమ్యూనిస్టును సభకు పంపారు. అదే ఏడు సెప్టెంబరులో జగిత్యాల రైతుకూలీలు వెట్టికీ దొరతనానికీ ఎదురుతిరిగి జైత్రయాత్ర చేశారు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1973 నాటి భూపరిమితి చట్టం పుస్తకంలో ఉంది, మిగులు భూమి దొర చేతిలో ఉంది, మధ్యలో పోలీసులున్నారు. సభలో ఒక మంచి ప్రతినిధి ఉండటం వల్ల ఇది ఆగలేదు. అట్లా అని సభలో ఎవరూ ఉండనక్కరలేదా? అదీ కాదు. బయట కదిలే జనం లేకపోతే లోపలి ప్రతినిధి ఒంటరి. లోపల గొంతు లేకపోతే బయటి జనం కేసుల్లో చిక్కుకుంటారు. ఈ రెండింటికీ మధ్య దారం తెగిన రోజున ఎన్నిసార్లు గెలిచినా అది జీతం తీసుకున్న సంవత్సరాల లెక్కే.

ఓటు ఉన్నవాళ్ళ సంగతి ఇది. మరి ఓటు వెయ్యలేనివాళ్ళకు ప్రతినిధి బాకీ లేడా? పెగడపల్లి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎన్నో వేలమంది దుబాయి, మస్కట్, సౌదీలలో కూలి చేస్తున్నారు. 2010లో ప్రాతినిధ్య చట్టాన్ని సవరించి విదేశాల్లో ఉన్న పౌరులకు ఓటు హక్కు ఇచ్చారు. కాని స్వయంగా వచ్చి పోలింగు కేంద్రంలో నిలబడాలి. కఫీలు దగ్గర పాస్‌పోర్టు ఇరుక్కున్నవాడు ఒక్క ఓటు కోసం విమానం ఎక్కగలడా? మరొకరి ద్వారా ఓటు వేసే వీలు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభ దాటి అక్కడే మురిగిపోయింది. ఆ కార్మికుడు ఇరవయ్యేళ్ళున్నా ఆ దేశాలు అతనికి పౌరసత్వం ఇవ్వవు. అతను చచ్చేదాకా భారతీయుడే, శవపేటికలో తిరిగివచ్చేటప్పుడూ భారతీయుడే. ఓటరుగా మాత్రం లేడు.

అదే నేల మీద ఇంకొకటి జరిగింది. రాజేశ్వర రావు గారి కుమారుడు రమేష్ గారు వేములవాడ నుంచి 2009, 2010, 2014, 2018లలో గెలిచారు. ఆయన పౌరసత్వం మీద వివాదం ఏళ్ళ తరబడి కోర్టులలో నడిచింది. చివరకు 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనన్న కేంద్ర హోంశాఖ నిర్ణయాన్ని సమర్థించి, 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అప్పటికి ఆయన నాలుగు గెలుపుల కాలమూ ముగిసిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినది ఒక వ్యక్తిని ఎగతాళి చెయ్యటానికి కాదు. భారత పాస్‌పోర్టు తప్ప మరేదీ లేని కూలివాడికి పోలింగు కేంద్రం అందలేదు. పాస్‌పోర్టు మీదనే వివాదం ఉన్నవారికి శాసనసభ అందింది. దూరం ఒక్కటే అడ్డమైతే ఇద్దరికీ అడ్డం కావలసింది. అడ్డమైంది దూరం కాదు, వర్గం.

మరి దీర్ఘకాలం పనిచేసిన ప్రతినిధిని కొలవటానికి గీటురాయి ఏది? డింగెల్ గారి వంశపారంపర్యాన్ని పైన విమర్శించాను. ఆయనలో ఒక్క విషయం మాత్రం చెప్పుకోదగ్గది. దేశంలో అందరికీ వైద్య బీమా ఉండాలని తండ్రి పెట్టిన బిల్లును ఆయన ప్రతి కొత్త సభలోనూ మళ్ళీ ప్రవేశపెడుతూ వచ్చారు. అది ఆ రూపంలో ఎన్నడూ నెగ్గలేదు. అయినా ఒక కోరికను చేతిలో పట్టుకుని ఒక మనిషి దశాబ్దాల తరబడి అదే గుమ్మం ముందు నిలబడటం చూస్తే, అతను ఎన్నేళ్ళు ఉన్నాడన్నదానికి ఒక అర్థం వస్తుంది. స్థానం వారసత్వంగా రావటం సిగ్గుచేటు కావచ్చు, కోరిక వారసత్వంగా రావటం గౌరవమే.

మన ప్రతినిధులను కూడా ఇట్లాగే అడగాలి. ఆరుసార్లు సభలోకి వెళ్ళినవాడు అక్కడికి ఏ కోరికను మోసుకుపోయాడు? మొదటిసారి మోసుకుపోయినది ఆరోసారి దాకా చేతిలో ఉందా, దారిలో ఎక్కడైనా దింపాడా? దింపితే ఎవరికి చెప్పి దింపాడు? సిరిసిల్ల సాంచా మీద పనిచేసేవాడి కూలి, జగిత్యాల బీడీల చాట, కోరుట్ల నుంచి మస్కట్ పోయినవాడి ఇంటి అప్పు ఈ మూడింటి సంగతి సభలో ఎన్నిసార్లు వచ్చిందో రాసి పెట్టిన పుస్తకం మన దగ్గర లేదు. ఎవరు ఏ ఏడు ఎన్ని ఓట్లతో గెలిచారో మాత్రం ప్రతి చాయ్ హోటల్లోనూ నోటికి చెపుతారు. ఈ లోపం ప్రతినిధులది మాత్రమే కాదు. చదువుకున్న మనది కూడా. ఉపాధ్యాయులమూ విద్యార్థులమూ పూనుకుంటే, ఒక నియోజకవర్గానికి సంబంధించిన ఆ లెక్కను ఒక్క ఏడాదిలో తయారు చెయ్యగలము. సభా చర్చల నివేదికలు అచ్చులో ఉన్నాయి. చదివేవాళ్ళు లేరు.

ఓటు బదులిచ్చినవాడికి బాకీ అడిగే హక్కుంది. కాని పత్రం రాసిపెట్టుకోనివాడు ఏం చూపించి అడుగుతాడు? పెగడపల్లి బస్టాండులో పెద్దాయన అయిదు ఓటములు ఎవరి ఖాతాలో రాస్తావని అడిగాడు. ఆయన ప్రశ్నకు నా జవాబు ఇది. గెలుపులూ ఓటములూ రెండూ ప్రజల ఖాతాలోవే. ప్రతినిధి ఖాతాలో రాయవలసినది మరొకటి ఉంది. దాన్ని ఇంతవరకు మనం రాయటం మొదలుపెట్టలేదు.